తెరమీద ఆగిన గుండె

మన చలనచిత్రములలో ఒక దృశ్యము తరచుగా వచ్చును. రోగి మంచము ప్రక్కన చిన్న తెర యొకటి వెలుగుచుండును. దానిమీద ఎగుడుదిగుడుగా పరుగెత్తుచున్న ఆకుపచ్చ గీత హఠాత్తుగా సాపుగా సాగిపోవును; కూత ఆగకుండ మ్రోగును. వైద్యుడు ఇస్త్రీపెట్టెల వంటి రెండు పలకలను ఒకదానితో ఒకటి రుద్ది రోగి రొమ్ముపై మోపును. దేహము పరుపుమీదనుండి జానెడెత్తు ఎగిరిపడును. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఫలితము లేదు. వైద్యుడు కళ్లద్దములు తీసి తల అడ్డముగా ఊపును. అప్పుడు తల్లియో, భార్యయో తలుపు త్రోసికొని వచ్చి, ఆ రొమ్మును పిడికిళ్లతో బాదుచు పేరు పెట్టి పిలుచును. గీత తిరిగి లేచును. హాలులో చప్పట్లు మ్రోగును.

దీనిని వెక్కిరించుట నా ఉద్దేశము కాదు. యముని వెంట నడచి భర్త ప్రాణములు తెచ్చుకొన్న సావిత్రి కథ విని పెరిగినవారము మనము. ఆ కథలో దోషము లేదు. యముడును, దున్నపోతును ఉన్నచోట ఎవరును శరీరశాస్త్రము నేర్చుకొనబోరు. కాని అదే కథను ఆసుపత్రి గదిలో పెట్టి, చుట్టు నిజమైన యంత్రములను అమర్చి, తెల్లకోటు తొడిగిన నటునిచేత నడిపించినపుడు, ప్రేక్షకుడు దానిని కథగా గాక సమాచారముగా ఇంటికి తీసికొనిపోవును. మన కన్నులయెదుట ఒక మనిషి కుప్పగూలినచో ఏమి చేయవలెనో బడిలో చేతులతో చేసి నేర్చుకొన్నవారు మనలో ఎందరు? ఈ ఒక్క విషయములో తెరయే మనకు పాఠ్యపుస్తకమైనది. కనుక పాఠ్యపుస్తకమును పరిశీలించినంత శ్రద్ధతో దానిని పరిశీలింపవలెను.

మొదట ఆ సాపు గీత సంగతి. విద్యుత్తు పాఠము చెప్పునపుడు నేను ఇంటర్మీడియట్ విద్యార్థులను ఒక ప్రశ్న అడుగుచుందును: డీఫిబ్రిలేటరు అను యంత్రముతో గుండెకు విద్యుద్ఘాతము ఇచ్చునపుడు, తెరమీద గుండె గీత ఎట్లుండును? నల్లబల్ల దగ్గరకు వచ్చిన విద్యార్థి దాదాపు ఎల్లప్పుడు స్కేలు పెట్టి గీచినట్లు ఒక అడ్డగీత గీయును. ఎక్కడ నేర్చినావని అడిగినచో నవ్వును. ఆ అడ్డగీత తప్పు. గీత సాపుగా ఉన్న గుండెకు విద్యుద్ఘాతము ఇచ్చి ప్రయోజనము లేదు. ఆ స్థితిలో వైద్యులు చేయునది వేరు: రొమ్మును ఎడతెగక నొక్కుట, ఎడ్రినలిన్ ఇచ్చుట, గుండె ఆగుటకు కారణమేమో వెదకి దానిని సరిచేయుట.

మరి ఆ యంత్రము ఎందులకు? పెద్ద బండరాతిని మోకులు కట్టి లాగుచున్న కూలీలను తలచుకొనుడు. ముందున్నవాడు పాట అందుకొనును, మిగిలినవారు 'ఐలెస్సా' అని ఒక్కసారిగా లాగుదురు, బండ కదలును. గుండెలో ఆ ముందున్నవాని పని సిరాకర్ణికా కణుపుది. అది నిమిషమునకు సుమారు 70 సార్లు విద్యుత్ సంకేతము పంపును. కర్ణికలు, వాని వెనుక జఠరికలు ఆ వరుసకు ముడుచుకొనును. ఒక్కొక్కప్పుడు, ముఖ్యముగా గుండెకు రక్తము తెచ్చు నాళము మూసికొనినపుడు, ఈ వరుస తప్పును. జఠరికల కండరములో ఒక్కొక్క భాగము తన పాట తాను పాడుకొనును, తన మోకు తాను లాగును. కూలీలందరు చెమటలు కార్చుచునేయుందురు. బండ మాత్రము అంగుళము కదలదు. దీనినే జఠరికల కంపనము అందురు. గుండె ఊరకుండలేదు, వణకుచున్నది; కాని ఒక్క చుక్క రక్తమైనను ముందుకు పోవుట లేదు. డీఫిబ్రిలేటరు చేయునదెల్ల ఆ కోలాహలమునంతటిని ఒక్కసారిగా ఈల ఊది ఆపుట. ఆ నిశ్శబ్దములో ముందున్నవాడు తిరిగి పాట అందుకొనవచ్చును. అందరును మోకులు వదలి ఇండ్లకు పోయిన తరువాత ఈల ఊదిన ఏమి లాభము? సాపు గీత అట్టిది.

ఈ ఈలలోని శక్తి ఎంత? సాధారణముగా 150 నుండి 360 జౌళ్లు. 200 జౌళ్లనగా 20 కిలోల బియ్యపు మూటను ఒక మీటరు ఎత్తునకు లేపుటకు కావలసినంత శక్తి. దానిని సెకనులో నూరవవంతు దరిదాపు కాలములో రొమ్ముగుండ పంపుదురు. కండరములు ఒక్కసారి బిగిసి దేహము అదరుట నిజమే. సినిమాలోవలె మంచము విడిచి గాలిలోనికి లేచుట మాత్రము దర్శకుని కానుక.

దర్శకులు సాపు గీతనే ఎందుకు ఎన్నుకొన్నారో ఊహించుట కష్టము కాదు. కంపించుచున్న గుండె గీత పిచ్చిగీతవలె గజిబిజిగా ఉండును; తెలియనివానికి అది బ్రతికియున్న గుండెవలెనే కనిపించును. సాపు గీతకు వ్యాఖ్యానము అక్కరలేదు. పల్లెటూరి అవ్వకును అది మరణమని అర్థమగును. బొమ్మగా అది గొప్ప బొమ్మ. కాని అది నేర్పిన పాఠమేమి? గుండె ఆగుటయన్నది ఆసుపత్రి మంచముమీద, తెర ముందర, వైద్యుల మధ్య జరుగు సంఘటన యనియు, మన పని తలుపు వెలుపల నిలిచి ఏడ్చుట యనియు. నిజమునకు ఆసుపత్రి వెలుపల గుండె ఆగినవారిలో ఎక్కువమంది కూలునది ఇంటిలోనే. పక్కన నుండునది భార్య, కొడుకు, బడికి పోవు మనుమరాలు.

తెరమీది ఫలితములను లెక్కపెట్టిన వారును ఉన్నారు. 1996లో అమెరికాలో ముగ్గురు వైద్యులు 'ఈ.ఆర్.', 'షికాగో హోప్', 'రెస్క్యూ 911' అను మూడు టెలివిజన్ ధారావాహికలనుండి 97 భాగములను కూర్చుండి చూచి, వానిలో 60 పునరుజ్జీవన దృశ్యములు గుర్తించినారు. ఆ దృశ్యములలో 75 శాతము రోగులు అప్పటికి బ్రతికినారు. 67 శాతము ఆసుపత్రినుండి ఇల్లు చేరినట్లే చూపబడినారు. రోగులలో 65 శాతము పిల్లలు, పడుచువారు. కారణములలో గాయములదే పైచేయి. గుండెజబ్బు వలన గుండె ఆగినవారు 28 శాతము మాత్రమే. నిజ జీవితమున వ్యవహారము దాదాపు తలక్రిందులుగా ఉండును. గుండె ఆగువారిలో ఎక్కువమంది వయసు మళ్లినవారు, గుండెజబ్బు గలవారు; అమెరికాలో ఆసుపత్రి వెలుపల గుండె ఆగినవారిలో ప్రాణములతో ఇల్లు చేరునది నూటికి 10 మంది దరిదాపు.

ఈ అతిశయోక్తి రెండు వైపుల కోయును. అంత్యదశలోనున్న ముదుసలి రోగి బంధువులు, యంత్రము పెట్టినచో లేచి కూర్చుండునను ఆశతో వైద్యులను నిర్బంధింతురు. కాకపోయినచో వైద్యుల నిర్లక్ష్యమందురు. వీధిలో కూలిన మనిషి చుట్టు చేరినవారు, ఆ యంత్రమును వైద్యుడును లేనిచోట మనమేమి చేయగలమని చేతులు కట్టుకొని నిలుతురు. మొదటిది దుఃఖము. రెండవది ప్రాణనష్టము. ఏలయనగా గుండె వణకుట మొదలైన తరువాత, రొమ్ము నొక్కుటయు విద్యుద్ఘాతమును లేనిచో, బ్రతుకు అవకాశము నిమిషమునకు 7 నుండి 10 శాతము చొప్పున తరిగిపోవును. పది నిమిషములకు మిగులునది ఎంతయో విద్యార్థులే లెక్క కట్టగలరు.

ఇక ఒక ప్రసిద్ధ చిత్రమును తీసికొందము. 2006లో వచ్చిన 'కేసినో రాయల్'లో జేమ్స్ బాండు జూదపుబల్ల దగ్గర విషము కలిపిన పానీయము త్రాగును. తూలుచు తన కారు చేరి, అందులోని డీఫిబ్రిలేటరును తీసి రొమ్ముకు తగిలించుకొనును. మీట ఎంత నొక్కినను పని చేయదు. తీగ యొకటి ఊడియున్నది. అతడు స్పృహ తప్పును. వెంటనున్న యువతి వెస్పర్ వచ్చి, తీగ తగిలించి, మీట నొక్కును. బాండు ఉలికిపడి లేచి, కొద్దిసేపటికే చొక్కా మార్చుకొని తిరిగి జూదమునకు కూర్చుండును.

దీనిలో తప్పులెన్నుట సులభము. స్పృహలోనుండి మాటలాడుచున్న మనిషి తనకు తాను ఘాతమిచ్చుకొనుట ఒకటి. అతడు పడిపోయిన తరువాత రొమ్మును ఒక్కమారైనను ఎవరును నొక్కకపోవుట రెండు. మృత్యుముఖమునుండి వచ్చినవాడు పేకముక్కలు పట్టుట మూడు. అయినను విమర్శకుడు న్యాయము తప్పరాదు. ఈ దృశ్యములో రెండు సంగతులు అచ్చముగా నిజము. అతనిని బ్రతికించినది వైద్యురాలు కాదు, వైద్యము తెలియని ప్రక్క మనిషి. ఇక యంత్రము దగ్గరనే ఉన్నను, ఊడిన తీగ ఒక్కటి దానిని వట్టి పెట్టెగా మార్చినది. గోడకు వ్రేలాడదీసి మరచిన ఇట్టి పెట్టెలలో బ్యాటరీ అయిపోవును, రొమ్ముకు అంటించు పట్టీల గడువు తీరును. ఈ చిత్రము చెప్పవలెనని తలచకయే చెప్పిన మంచి పాఠమిది.

చిత్రముగా, నిజమైన జూదగృహములలోనే ఈ విషయమై ఒక గొప్ప పరిశోధన జరిగినది. అమెరికా జూదగృహములలో కాపలావారికి రొమ్ము నొక్కుటయు, స్వయంచాలక డీఫిబ్రిలేటరు వాడుకయు నేర్పి, ఫలితములను 2000 సంవత్సరములో ప్రకటించినారు. జూదగృహములలో దొంగాటను పట్టుటకు నలుమూలల కెమెరాలుండును. అందుచేత మనిషి ఏ క్షణమున కూలినాడో, ఏ క్షణమున ఘాతము తగిలినదో తెలిసికొనుటకు వీలైనది. జఠరికల కంపనముతో కూలిన 105 మందిలో 53 శాతము బ్రతికి ఆసుపత్రినుండి ఇంటికి పోయినారు. మూడు నిమిషములలోపల మొదటి ఘాతము తగిలినవారిలో ఇది 74 శాతము. మూడు నిమిషములు దాటినవారిలో 49 శాతము. కట్టుకథలో బాండు బ్రతుకుట మనకు వింతగా తోచదు. నిజమైన ఈ అంకెలే నాకు వింతగా తోచినవి. తెరమీది ఆశ పూర్తిగా అబద్ధము కాదన్నమాట. అది చెప్పిన చోటు తప్పు, చేసిన మనుష్యులు తప్పు. ఆసుపత్రి గదిలో పెద్ద వైద్యుడు కాదు, నడవలో కాపలావాడు.

ఈ స్వయంచాలక యంత్రము చాల తెలివిగలది. మూత తెరువగానే ఏమి చేయవలెనో నోటితో చెప్పును. పట్టీలు అంటించినంతనే గుండె గీతను తానే చదివి, ఘాతము పనికివచ్చునదైనచో మాత్రమే సిద్ధమగును. సాపు గీతకు ఘాతమిమ్మని ఎవరెంత మీట నొక్కినను ఇవ్వదు. 1999లో అమెరికాలో ఒక పరీక్ష చేసినారు. ఈ యంత్రమును ఎన్నడు ఎరుగని ఆరవ తరగతి పిల్లలు 15 మందికి దానిని ఇచ్చి, మనిషి బొమ్మమీద ప్రయోగింపుడన్నారు. వారికి సగటున 90 సెకనులు పట్టినది. అదే పని వృత్తిగాగల అంబులెన్సు సిబ్బందికి 67 సెకనులు. తేడా 23 సెకనులు. షికాగో విమానాశ్రయములలో గోడలకు ఈ యంత్రములు పెట్టిన తరువాత మొదటి రెండేండ్ల అనుభవమును 2002లో ప్రకటించినారు: బ్రతికించబడిన 11 మందిలో 6 గురిని కాపాడినవారు ఆ యంత్రమును అంతకు ముందు వాడినవారు కారు, నేర్చినవారును కారు. వారిలో ముగ్గురు వైద్యపట్టము గలవారని కూడ చెప్పుట ధర్మము.

యంత్రమును గురించి ఇంత చెప్పినను, తెర చేసిన పెద్ద అన్యాయము చేతులకే. 1960లో బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ సంస్థలో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనువారు రొమ్ము కోయకుండ, పైనుండియే నొక్కి రక్తమును నడపవచ్చునని ప్రకటించినారు. కౌవెన్‌హోవెన్ విద్యుత్ ఇంజనీరు, వెదకుచున్నది డీఫిబ్రిలేటరు. కుక్కల రొమ్ముపై బరువైన పలకలను అదిమినపుడు, ఇంకను విద్యుత్తు పోకమునుపే రక్తపు ఒత్తిడి కొంచెము పెరుగుటను నికర్‌బాకర్ గమనించినాడు. యంత్రమునకై వెదకినవారికి చేతులు దొరికినవి! వారి మొదటి నివేదికలో 20 మంది రోగులు. 70 శాతము బ్రతికినారు. ఆ అంకె టెలివిజన్ అంకెకు దగ్గరగా ఉన్నదని సంతోషపడనక్కరలేదు. ఆ రోగులు ఆసుపత్రిలోనే, సహాయము చేతికందు దూరములో ఉన్నవారు.

తెరమీద రొమ్ము నొక్కుట చూచితిరా? నటుడు మోచేతులు వంచి, పిండి పిసికినట్లు నాలుగుసార్లు మెత్తగా ఊపి, చెమట తుడుచుకొనును. దీనికి నటుని నిందింపరాదు. గుండె కొట్టుకొనుచున్న సాటి నటుని రొమ్మును 5, 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కినచో గాయమగును. నిజముగా చేయునపుడు మోచేతులు కర్రలవలె నిటారుగా ఉండవలెను. భుజముల బరువంతయు రొమ్ము ఎముక క్రింది సగముమీద పడవలెను. నిమిషమునకు 100 నుండి 120 సార్లు. ప్రక్కటెముకలు విరుగవచ్చును. రెండు నిమిషములకు చేయువాడు రొప్పును, మరియొకడు అందుకొనవలెను. అంబులెన్సు వచ్చువరకు ఆపరాదు. ఇది చూచుటకు అందమైన పని కాదు. అందుకే కాబోలు, కెమెరా ఎప్పుడును అక్కడనుండి ఏడ్చుచున్న ముఖములవైపు తిరుగును.

తెర ఎన్నడు చూపని ముఖ్యమైన సంగతి ఇంకొకటి కలదు. గుండె ఆగిన మనిషి వెంటనే నిశ్చలముగా పడియుండడు. చాలమందికి మొదటి నిమిషములలో నోరు తెరచి అప్పుడప్పుడు గురకవంటి ఎగఊపిరి వచ్చును. చుట్టుచేరినవారు 'ఊపిరి ఆడుచున్నది, భయములేదు' అని ముఖమున నీళ్లు చల్లుదురు, అరికాళ్లు రుద్దుదురు, సోడా తెప్పింతురు. ఒకరిద్దరు తాళపుచెవులు చేతిలో పెట్టుదురు. అంతలో మెదడుకు రక్తములేక నాలుగైదు నిమిషములు గడచిపోవును. పిలిచినను తట్టినను పలుకడు, ఊపిరి మామూలుగా లేదు. ఈ రెండు గుర్తులు చాలును. 108కి ఫోను చేయించి రొమ్ము నొక్కుట మొదలుపెట్టవలెను. సినిమాలో ఈ ఎగఊపిరిని ఒక్కసారి సరిగా చూపియుండినచో ఎన్ని ప్రాణములు నిలిచియుండునో!

నోటిలో నోరుపెట్టి ఊపిరి ఊదుటను మన చిత్రములు శృంగారముగానో, హాస్యముగానో మార్చినవి. నీట మునిగిన నాయికను గట్టుమీద పరుండబెట్టగానే హాలులో ఈలలు. దాని ఫలితము నవ్వులాట కాదు. వీధిలో స్త్రీ కూలినపుడు రొమ్ముపై చేయి వేయుటకు మగవారు జంకుట మన దేశమునకే పరిమితమైనదనుకొనవద్దు. అమెరికాలో బహిరంగ స్థలములలో గుండె ఆగినవారిని గురించి 2018లో వెలువడిన పరిశోధనలో, పురుషులలో 45 శాతమునకు, స్త్రీలలో 39 శాతమునకు మాత్రమే దారినపోవువారు రొమ్ము నొక్కినారని తేలినది. ఊపిరి ఊదుటకు సంకోచించువారిని దృష్టియందుంచుకొనియే మన దేశపు మత్తువైద్యుల సంఘమువారు 2017లో సామాన్య జనులకొరకు రొమ్ము నొక్కుట మాత్రమేగల పద్ధతిని సిద్ధపరచినారు. పెద్దవారు హఠాత్తుగా కూలినపుడు ఆ చేతులే చాలును. నీట మునిగినవారికిని, చంటిపిల్లలకును ఊపిరి కూడ అవసరమే. అది శిక్షణలో నేర్వవలసిన విషయము.

జనుల సంకోచములో మరియొక భాగము పోలీసుల భయము. 'ముట్టుకొన్నచో కేసు మన మెడకు చుట్టుకొనును' అను మాట మనము ఎన్నిసార్లు వినలేదు? దీనికి కూడ తెర కొంత పోషణ చేసినది. ఆదుకొన్నవాడే ముద్దాయియగు కథలు మనకు కొదువ లేవు. 2016లో సుప్రీముకోర్టు రోడ్డు ప్రమాదములలో ఆదుకొన్నవారి రక్షణకు మార్గదర్శక సూత్రములను ఆమోదించినది. 2019 మోటారు వాహనముల సవరణ చట్టములో 134ఎ సెక్షను చేరినది. దాని ప్రకారము వాహన ప్రమాద బాధితునికి సద్బుద్ధితో చేసిన అత్యవసర సహాయములో పొరపాటు జరిగినను, ఆదుకొన్నవానిపై సివిలు, క్రిమినలు చర్యలు ఉండవు. తన పేరు చెప్పుమని అతనిని నిర్బంధింపరాదు. ఆ సెక్షను మాటలు వాహన ప్రమాదములకే పరిమితము. బస్సుస్టాపులో గుండె ఆగి కూలినవానిని ఆదుకొన్నవానికిని అంత స్పష్టమైన మాట చట్టములో ఉండుట న్యాయము.

తెరమీద మంచి ఉదాహరణములు లేకపోలేదు. 2012లో బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్‌వారు ఒక చిన్న ప్రకటన చిత్రము తీసినారు. ఫుట్‌బాల్ ఆటగాడుగా మొదలై, సినిమాలలో దుష్టపాత్రలకు పేరుపడిన విన్నీ జోన్స్ అందులో గురువు. ముద్దులు వద్దు, ఫోను చేసి రొమ్ము గట్టిగా వేగముగా నొక్కుడని మొరటుగా చెప్పి, బీజీస్ బృందము పాట 'స్టేయిన్ ఎలైవ్' తాళమునకు నొక్కి చూపును. ఆ తాళము నిమిషమునకు 100కు కొంచెము పైన ఉండును. హాస్యము కొంత ముతక. కాని అది తప్పు చెప్పదు, చూచినవాడు ఆ తాళమును మరువడు. గంటల తరబడి సాగు వైద్య ధారావాహికలు చేయలేని పనిని అది కొద్ది క్షణములలో చేసినది.

అన్నిటికంటె గొప్ప దృశ్యము నటులు నటించినది కాదు. 2021 జూన్ 12న కోపెన్‌హేగెన్‌లో డెన్మార్కు, ఫిన్లాండు జట్ల ఫుట్‌బాల్ పోటీ జరుగుచుండగా క్రిస్టియన్ ఎరిక్సెన్ అను ఆటగాడు ఎవరును తాకకుండనే ముందుకు తూలి పడిపోయినాడు. జట్టు నాయకుడు సైమన్ కేర్ పరుగున పోయి ఆదుకొన్నాడు. వైద్యబృందము రొమ్ము నొక్కనారంభించినది. డీఫిబ్రిలేటరు ఒక్క ఘాతముతో గుండె వరుసకు వచ్చినది. ఆ వేళ తోటి ఆటగాండ్రు వెలుపలికి తిరిగి, చేయి చేయి పట్టి అతని చుట్టు గోడకట్టి నిలిచినారు. కోట్ల మందికి కనిపించినది ఆ వీపులు కాదు, కన్నీళ్లతోనున్న ఆ ముఖములు. లోపల జరుగుచున్నది కెమెరాకు అందకుండ చేసినదే ఆ దృశ్యముయొక్క మర్యాద. ఎరిక్సెన్ రొమ్ములో చిన్న డీఫిబ్రిలేటరు అమర్చినారు. 2022 ప్రపంచ కప్పులో అతడు తిరిగి డెన్మార్కు తరఫున ఆడినాడు.

ఆ దేశమును గురించి ఉపాధ్యాయులు తెలిసికొనదగిన ముచ్చట ఒకటున్నది. డెన్మార్కులో 2005 నుండి ప్రాథమిక విద్యలో రొమ్ము నొక్కుట నేర్పుట తప్పనిసరి. 2006 నుండి వాహనము నడుపు లైసెన్సు కావలెనన్నను అది నేర్వవలెను. 2001లో అక్కడ ఆసుపత్రి వెలుపల గుండె ఆగినవారిలో 21 శాతమునకే ప్రక్కవారు రొమ్ము నొక్కినారు; 2010 నాటికి అది 45 శాతమునకు చేరినది. ముప్పది దినములు బ్రతికినవారు 3.5 శాతమునుండి 10.8 శాతమైనారు. అంబులెన్సులు, ఆసుపత్రులు కూడ ఆ కాలములో మెరుగుపడినవి కనుక ఘనత అంతయు బడులదే యనుట సరికాదు. కాని ఆ చేతులు మాత్రము నేర్చిన చేతులు.

మన దగ్గర 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు రాజేంద్రనగర్ ప్రాంతమున బస్సుస్టాపులో కూలిన ఒక మనిషికి ట్రాఫిక్ కానిస్టేబులొకడు రొమ్ము నొక్కి ప్రాణము నిలిపిన వీడియో దేశమంతట తిరిగినది. ఆ మరుసటి నెలలో తెలంగాణ ప్రభుత్వము సి.పి.ఆర్. శిక్షణ కార్యక్రమమును ప్రారంభించినది. ఆ వీడియోలో సాపు గీత లేదు, కూత లేదు, తెల్లకోటు లేదు. దుమ్ము, రోడ్డు, మోకాళ్లమీద వంగిన ఒక మనిషి. మన చలనచిత్ర దర్శకులు ఒక్కసారి దానిని శ్రద్ధగా చూచినచో బాగుండును. అందులో నాటకీయతకు లోటేమియు లేదు.

వేగమును పిల్లలకు అలవాటు చేయుటకు పాట దొరకనిచో భౌతికశాస్త్ర ప్రయోగశాలలో లోలకము ఉన్నది. 30 సెంటీమీటర్ల పొడవుగల లోలకము ఆవర్తన కాలము సుమారు 1.1 సెకను; ఈ కొననుండి ఆ కొనకు పోవుటకు దానిలో సగము. కొనకొకసారి నొక్కినచో నిమిషమునకు సుమారు 109 అగును. దారమునకు రాయి కట్టి, రాతి మధ్యవరకు 30 సెంటీమీటర్లు కొలిచి, మేకుకు వ్రేలాడదీసి, క్రింద నేలమీద గట్టి దిండు పెట్టవలెను. పిల్లలను ఇద్దరిద్దరిని మోకాళ్లపై కూర్చుండబెట్టి, మోచేతులు వంచకుండ రెండేసి నిమిషములు నొక్కింపవలెను. మొదటి నిమిషము నవ్వుదురు. రెండవ నిమిషమున నవ్వు ఆగును. లోలకపు ఊపు తగ్గినను వేగము మారదని, అది ఎందుకో, ఆ సందర్భములోనే చెప్పవచ్చును.